కుడి వైపు సుద్ద గీత

ల్యాబ్, వెనక గది,
కిటికీ పక్క బల్ల

అక్కా,

నిన్న ఫోన్ చేసి "కొత్త ఉద్యోగం ఎలా ఉందిరా" అన్నావు. "బాగుంది" అన్నాను. "అంతేనా" అన్నావు. "అంతే" అన్నాను. నీకు కోపం వచ్చిందని పెట్టేశాక తెలిసింది. ఫోన్‌లో నువ్వు కాసేపు ఆగితే, ఇప్పుడు మాట్లాడాల్సింది నువ్వా నేనా అని తేల్చుకునేలోపే నా వంతు దాటిపోతుంది. అందుకని రాస్తున్నాను. నువ్వూ రాయి. ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివినా అది విసుక్కోదు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఇక్కడ ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ మెదళ్ళని, లేనివాళ్ళ మెదళ్ళని స్కాన్ తీసి పోల్చి చూస్తారు. తీసిన బొమ్మలు నా దగ్గరికి వస్తాయి. మెదడు ఎక్కడ ఆగుతుందో, పుర్రె ఎక్కడ మొదలవుతుందో కంప్యూటర్ ముందే గీత గీసి పెడుతుంది. అది తప్పు గీసిన చోట చెరిపి నేను సరిగ్గా గీస్తాను. బొమ్మల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ మెదడు ఎవరిదో నాకు తెలియకూడదని రూలు.

రెండేళ్ళ క్రితం నేను కూడా ఇక్కడికే స్కాన్‌కి వచ్చాను కదా, అప్పుడు ల్యాబ్ నడిపే పెద్ద డాక్టరమ్మ నా మెదడు బొమ్మ ఒకటి అచ్చు వేసి ఇచ్చింది. అది మంచం ఎదురుగా గోడకి పెట్టుకున్నాను. నువ్వు వచ్చినప్పుడు "దేవుడి పటంలా దీనికి దండ వేస్తావా ఏం" అన్నావు. వెయ్యలేదు.

డాక్టరమ్మ వెతుకుతున్నది ఇది. మెదడుకి రెండు సగాలు. ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు. మాటకి పనికొచ్చే చోట్లు చాలామందిలో ఎడమ పక్క కాస్త పెద్దవి. ఆటిజం ఉన్న మా వాళ్ళలో ఆ తేడా తక్కువేమోనని ఆవిడ అనుమానం. ఇంకొకటి, మెదడులో ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య దారులుంటాయి. మా వాళ్ళలో ఆ దారులు వేరే రకంగా పోతాయేమోనని.

"మా వాళ్ళు" అని రాశాను చూశావా. ఇక్కడ అందరూ అలా అనడానికి అలవాటు పడ్డారు. నాకూ బాగుంది.

ఈ ఉద్యోగం ఏడాది చివరిదాకానే. తర్వాత ఉంచాలో వద్దో డాక్టరమ్మ నిర్ణయిస్తుంది. నాకు ఉండాలని ఉంది. పొద్దున్నే లేచి ఇష్టంగా వెళ్ళిన చోటు నాకు ఇంతకు ముందు లేదు.

నీ తమ్ముడు


కుట్టు షాపు, పై అంతస్తు,
కత్తిరింపు బల్ల

ఒరేయ్ చిన్నా,

ఫోన్‌లో ముక్తసరిగా రెండు మాటలు, కాయితం మీద ఇంత పురాణం! పర్లేదు, నాకు ఇదే నచ్చింది. కింద మిషన్ల మోతలో ఫోన్ ఎలాగూ వినపడి చావదు.

నీ ఉత్తరం షాపంతా చదివి వినిపించాను. "మా తమ్ముడు మెదళ్ళు దిద్దుతాడు" అని మొదలుపెట్టేసరికి కాజాలు కుట్టే ఆవిడ సూది ఆపి, "అయితే మా ఆయనది పంపిస్తాను, ముందు అదొకటి ఉందో లేదో చూసి చెప్పమను" అంది. షాపు మొత్తం ఒకటే నవ్వు. నేను మాత్రం నవ్వలేదు. బళ్ళో నిన్ను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టి "వీడి బుర్రలోకి ఏదీ ఎక్కదు" అన్న ఆ టీచరు ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే, రిజిస్టర్ పోస్టులో ఒక కాపీ పంపేదాన్ని.

అయితే ఒక్క మాట. అక్కని, చెప్పడం నా పని. కుర్చీల షాపులో ఉన్నప్పుడు కొనడానికి వచ్చినాయనతో "దీని కాలు ఒకటి పొట్టి, కొనకండి" అన్నావు. లైబ్రరీలో పెద్దాయన రాసిన పట్టికలో ఆయన ముందే తప్పులు పట్టావు. రెండు చోట్లా నువ్వు అన్నది నిజమే, రెండు చోట్లా ఇంటికి పంపించారు. ఈ చోటు నీకు నచ్చిందంటున్నావు. కాస్త నోరు జాగ్రత్త.

ఊరికే అడుగుతున్నాను, నీ భుజాల కొలతలు పాతవేనా, ఒళ్ళు చేశావా? ఎందుకని అడక్కు.

అక్క


ల్యాబ్, వెనక గది

అక్కా,

భుజాల కొలతలు వేరే కాయితం మీద రాసి పెట్టాను. స్కాన్ మిషన్ నడిపే ఆయన టేపు పట్టుకున్నాడు. కుడి భుజం ఎడమ దానికంటే కిందికి ఉందట. ఎందుకని నేను అడగలేదు, నువ్వు అడగొద్దన్నావు కాబట్టి.

నీకు మంచి వార్త. ఫలితం వచ్చింది. మా వాళ్ళ మెదళ్ళలో ఎడమకీ కుడికీ ఉన్న తేడా, మిగతావాళ్ళతో పోలిస్తే బాగా తక్కువ. అనుకున్నదానికంటే చాలా తక్కువ. లెక్కలు చూసే ఆయన తెర మీద ఆ పటం వెయ్యగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. వచ్చే నెలలో పెద్ద సభ ఉంది, చాలాచోట్ల నుంచి డాక్టర్లు వస్తారు. అక్కడ ఈ రిపోర్టు చదువుతారు. చేసినవాళ్ళ పేర్లలో నా పేరు వేస్తున్నారు. చివర్లో, కానీ అచ్చులోనే.

ఇందులో నా పని గీతలు దిద్దడం ఒక్కటే కాదు. మధ్యలో కొత్త మిషన్ వచ్చింది. పాతదానికంటే మోత తక్కువ. మోత పడని వాళ్ళకి సుఖంగా ఉంటుందని మా వాళ్ళలో చాలామందిని అందులోనే తీశారు, నన్ను కూడా మళ్ళీ తీశారు. అయితే ఆ మిషన్ బొమ్మని ఎదుటి మనిషిని చూసినట్టు ఇస్తుంది, ఆ మనిషి కుడి పక్క మనకి ఎడమ పక్కకి వస్తుంది. పాతది వెనక నిలబడి చూసినట్టు ఇస్తుంది, కుడి కుడిగానే ఉంటుంది. డాక్టరమ్మ "అన్నీ ఒకే తీరుగా ఉండాలి" అంది. అందుకని కొత్త మిషన్ బొమ్మలన్నిటినీ నేనే తిప్పాను. నువ్వు కోటు చేతుల అచ్చు కాయితాన్ని బోర్లా తిప్పి రెండో చెయ్యి కోస్తావే, అలాగ. ఒక్కటి కూడా వదల్లేదు.

నీ తమ్ముడు


కుట్టు షాపు, పై అంతస్తు

నా బంగారూ,

పేరు అచ్చులో! చివర్లో అయితే ఏంట్రా, చివర ఉన్నవాడే అందరికీ గుర్తుంటాడు.

షాపు ఓనరు గారికి చెప్పాను. బట్టల మూటలు తెచ్చే ఆయనకి చెప్పాను. కొలతలు ఇవ్వడానికొచ్చిన ఒక లాయరు గారికి, ఆయన అడక్కపోయినా, చేతులు పైకెత్తించి నిలబెట్టి మరీ చెప్పాను. "మా తమ్ముడి లాంటి వాళ్ళకి మెదడు రెండు పక్కలా సమానంగా ఉంటుందండీ, మనకే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది" అన్నాను. ఆయన పాపం తల పట్టుకుని చూసుకున్నాడు.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ, చిన్నా, నిన్న ఇంటికెళ్ళి ఏడ్చాను. చిన్నప్పటి నుంచి ప్రతివాళ్ళూ నీలో ఏదో తక్కువ అనే అన్నారు. అమ్మ అయితే పోయేదాకా దాన్నే తలుచుకుని కుమిలిపోయింది. ఇప్పుడు ఇంతమంది డాక్టర్లు కూర్చుని "తక్కువ కాదు, సమానం" అని తేల్చారు. నేను ఈ మాట పట్టుకుని ఊరంతా తిరగగలను.

సభ ఏ రోజో రాయి. నేను వస్తున్నాను. వెనక వరుసలో కూర్చుంటాను, నీ పరువు తియ్యను.

అక్క


ఇంట్లో, నా గది

అక్కా,

ఇవాళ సెలవు పెట్టాను. నీకు ఒక విషయం చెప్పాలి. నువ్వు ఊరంతా చెప్పావు కాబట్టి ముందు నీకే చెప్పాలనిపించింది.

గోడ మీదున్న, పాత మిషన్‌లో తీసిన నా మెదడు బొమ్మలో ఎడమ పక్క, చెవి పైభాగానికి కాస్త వెనగ్గా, ఒక మడత ఉంది. అది చివర్లో కొక్కెంలా వంగుతుంది. కుడి పక్క అలాంటిది లేదు. రోజూ కళ్ళు తెరవగానే నాకు మొదట కనపడేది ఆ కొక్కెమే.

సభకి ముందు చివరిసారి సరిచూడమని నిన్న బొమ్మలన్నీ మళ్ళీ నాకిచ్చారు. కొత్త మిషన్ బొమ్మల్లో ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఆ కొక్కెం ఉంది. కుడి పక్క ఉంది.

అది నేనే అక్కా. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాను.

నా ఒక్కడిదే అలా తిరగబడటానికి కారణం లేదు. దానితో పాటు ఆ మిషన్‌లోంచి వచ్చినవన్నీ తిరగబడే ఉండాలి. ఎందుకో కూడా అర్థమైంది. నేను బొమ్మల్ని ఎక్కడి నుంచి తీసుకున్నానో ఆ ఫోల్డర్ పేరు చూశాను. అది లెక్కలాయన పెట్టిన ఫోల్డర్. డాక్టరమ్మ "ఒకే తీరుగా ఉండాలి" అన్నది ఇద్దరితోనూ. ఆయన ఒకసారి తిప్పి పెట్టాడు. నేను వాటిని మళ్ళీ తిప్పాను. ఒకే కూరలో నువ్వు ఉప్పు వేసి వెళ్ళాక నేనొచ్చి ఉప్పు వేసినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. మా వాళ్ళలో కొందరి ఎడమ ఎడమగా ఉంది, కొందరి ఎడమ కుడిగా ఉంది. అందరినీ కలిపి సగటు తీస్తే ఎడమ కుడి తేడా తగ్గిపోక ఏమవుతుంది? మేం చూసి సంబరపడిన ఫలితంలో ఎంత నిజమో, ఎంత మా ఇద్దరి ఉప్పో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పాలంటే, ఆ బొమ్మ నాదని గుర్తుపట్టానని చెప్పాలి. అది రూలుకి విరుద్ధం. తిప్పింది నేనని కూడా చెప్పాలి. సభ వారంలో ఉంది.

నీ తమ్ముడు


కుట్టు షాపు, పై అంతస్తు

చిన్నా,

ఉత్తరం అందగానే చేతిలో కత్తెర పక్కన పెట్టి రాస్తున్నాను. ఎవ్వరితోనూ ఏమీ అనకు. నోరు కుట్టేసుకో.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. తిప్పమన్నది వాళ్ళు, రెండుసార్లు తిప్పించింది వాళ్ళు. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు, వాళ్ళే చూసుకోవాలి. చూసుకోకపోతే ఇంకెవరో ఎప్పుడో చూస్తారు. అప్పటికి నీ ఉద్యోగం ఖాయమై ఉంటుంది. నువ్వు ఇప్పుడు వెళ్ళి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. కుర్చీల షాపులో ఏమైందో, లైబ్రరీలో ఏమైందో అదే అవుతుంది. నువ్వు పెట్టె సర్దుకుని వస్తావు, ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడవు, గోడకేసి చూస్తూ పడుకుంటావు. ఆ ఆర్నెల్లు నేను రెండుసార్లు చూశాను. మూడోసారి చూసే ఓపిక నాకు లేదురా.

నా మాట విను. నేనెప్పుడూ నీ మంచే కోరాను.

అక్క


ల్యాబ్, వెనక గది

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు నా మంచి కోరుతున్నావని మూడుసార్లూ అర్థమైంది.

ఒకటి అడుగుతాను. నువ్వు కోసిన కోటుకి రెండూ ఎడమ చేతులే పడ్డాయని నీకు ఒక్కదానికే తెలిసిందనుకో. కస్టమర్ చూసుకోలేదు, ఓనరు చూసుకోలేదు. పొట్లం కట్టి ఇచ్చేస్తావా?

ఇంకొకటి. ఆ బొమ్మలన్నీ మా వాళ్ళవి. మోత భరించి, కదలకుండా పడుకుని, మమ్మల్ని సరిగ్గా చూడండి అని వచ్చినవాళ్ళవి. వాళ్ళని తిరగేసి చూపించి ఇదే మీరు అంటే ఎలా?

ఈ ఉత్తరం నీకు చేరేసరికి చెప్పేసి ఉంటాను.

నీ తమ్ముడు


కుట్టు షాపు, పై అంతస్తు

చిన్నా,

ఇవ్వను. పొట్లం కట్టను. నీకు బాగా తెలుసు ఇవ్వనని, అందుకే అడిగావు. గడుసువాడివి.

కాజాలావిడకి నీ ఉత్తరం చూపించాను. "నువ్వు ఆ అబ్బాయికి పిరికి మందు పోశావు, వాడు తాగలేదు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ లోపల ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నీ ఉద్యోగం పోతుందేమోనన్న దడ అలాగే ఉంది, గర్వం మాత్రం దానికంటే పైన కూర్చుంది.

నాకు మెదళ్ళ సంగతి తెలియదు. చేతుల సంగతి తెలుసు. రెండు మడతల గుడ్డ పరిచి కోస్తే ఒక ఎడమ, ఒక కుడి వాటంతటవే వస్తాయి. ఒంటి మడత మీద కోసేటప్పుడే అచ్చు తిప్పానా లేదా అని అనుమానం వస్తుంది. అందుకని నేను కత్తెర పెట్టకముందే కుడి ముక్కకి లోపలి వైపు సుద్దతో ఒక గీత గీస్తాను. ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు తిప్పినా, బోర్లించినా, గీత ఉన్నది కుడి. ఎవరినీ అడగక్కర్లేదు. మనుషుల తలకి సుద్ద గీత గియ్యడం కుదురుతుందో లేదో నాకు తెలియదు. తోచింది రాశాను.

ఏం జరిగిందో వెంటనే రాయి. మంచైనా, చెడైనా. పెట్టె సర్దుకుని రావాల్సొస్తే స్టేషన్‌కి నేనే వస్తాను. కుట్టడం మాత్రం ఆపలేదు. ఏం కుడుతున్నావని అడక్కు.

అక్క


ల్యాబ్, వెనక గది

అక్కా,

చెప్పాను. ఎలా జరిగిందో రాస్తాను.

నీకు ఆ ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. లెక్కలాయన అక్కడే ఉన్నాడు. నేను చెప్పాల్సింది ముందే కాయితం మీద రాసుకుని చదివాను. లెక్కలాయన "అసంభవం" అన్నాడు. తర్వాత "నేను తిప్పాను కదా, నువ్వెందుకు తిప్పావు" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనే ఆగిపోయాడు.

డాక్టరమ్మ "ఇది నీ బొమ్మేనని నీకెలా తెలుసు" అంది. గోడ సంగతి చెప్పాను. తీసుకురమ్మంది. ఇంటికెళ్ళి మేకు నుంచి పటం తీసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పక్కనావిడ "ఏంటండీ అది" అని అడిగితే "నేనే" అన్నాను. లేచి వేరే సీటుకి వెళ్ళింది.

పటం తెర పక్కన పెట్టాం. ముగ్గురం అటూ ఇటూ చూశాం. కొక్కెం ఇక్కడ ఎడమ, అక్కడ కుడి. డాక్టరమ్మ ఏమీ మాట్లాడలేదు. ఎవరి వంతో నాకు తెలియక నేను కూడా మాట్లాడలేదు. చివరికి ఆవిడే ఫోన్ తీసుకుని సభ వాళ్ళతో "మా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాం" అంది. ఫోన్ పెట్టేసి, "నిన్నెవరూ అడగలేదు. నువ్వు చెప్పకపోతే ఇది నా పేరు మీద వెళ్ళిపోయేది" అంది. అది కోపమో మెప్పో నాకు తెలియలేదు. అడిగాను. "మెప్పు" అంది. "కోపం కూడా ఉంది, అది నా మీద."

మిషన్‌లోంచి వచ్చిన అసలు ఫైళ్ళు దాచే ఉన్నాయి. అన్నీ మొదటి నుంచి మళ్ళీ చేస్తున్నాం. ఈసారి తిప్పేది ఒక్కరే, లెక్కలాయన. సరిచూసేది నేను.

నీ సుద్ద గీత గురించి చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది. "చాలాచోట్ల చేసే పనే అది, మేమే బద్ధకించాం" అంది. సుద్ద కాదు, లోపల నూనె ఉండే మాత్ర. స్కాన్‌లో నూనె తెల్లగా మెరుస్తుందట. ఇక నుంచి వచ్చిన ప్రతి మనిషికీ కుడి కణత మీద ఒక మాత్ర టేపుతో అంటిస్తాం. బొమ్మ ఎటు తిరిగినా మెరిసేది కుడి. అంటించే పని నాకిచ్చారు.

ఉద్యోగం సంగతి ఆవిడ అనలేదు. నేను అడగలేదు. ఈసారి మాత్రం ధైర్యం చాలక.

నీ తమ్ముడు


ల్యాబ్, వెనక గది

అక్కా,

ఈ మధ్య నీకు చిన్న చిన్న ఉత్తరాలే రాశాను, పని అంత ఉంది. ఇప్పుడు పెద్దది.

అయిపోయింది. మాటలకి పనికొచ్చే చోట్ల ఎడమ కుడి తేడా మా వాళ్ళలో కాస్త తక్కువే. కానీ డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడినంత కాదు, కూర్చుని తల ఊపేంత. నువ్వు ఆ లాయరు గారికి చెప్పింది కొంచెం తగ్గించి చెప్పాలి. రెండు సగాలనీ కలిపే వంతెన ఒకటుంది, దానికి ఎడమా కుడీ లేవు కాబట్టి మా తప్పు దాన్ని పెద్దగా అంటలేదు. అక్కడ దారులు వేరే రకంగా ఉన్నాయన్నది నిలబడింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. బొమ్మలన్నీ సరైన వైపు తిరిగాక చూస్తే, మా వాళ్ళు ఒకరిలా ఒకరు లేరు. ఒకరికి ఎడమ బాగా పెద్దది, ఒకరికి కుడి, ఒకరికి సమానం. తిరగబడి ఉన్నప్పుడు అందరం కలిసిపోయి ఒకే ముద్దలా కనపడ్డాం. ఈసారి రిపోర్టులో డాక్టరమ్మ మొదటి వాక్యమే అది రాసింది. నన్ను పిలిచి చూపించింది.

తర్వాత ఒక కాయితం ఇచ్చింది. చదివాను. ఉద్యోగం ఖాయం అక్కా. ఏడాదికి అని కాదు, ఉండమని. పైన నా పని పేరు రాసి ఉంది: ఎడమ కుడి సరిచూచువారు. లెక్కలాయన "ఇలాంటి ఉద్యోగం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడని ఈసారి నాకే తెలిసింది.

వచ్చే వారం ఇంకో సభలో రిపోర్టు చదువుతారు. నువ్వు రావాలి. వెనక వరుస వద్దు. ఒక్కటే భయం, చదివాక అందరూ చప్పట్లు కొడతారు. హాలులో చప్పట్లు నాకు తల మీద రేకులు పడ్డట్టు ఉంటాయి. చెవులు మూసుకుంటే బాగోదేమో.

నీ తమ్ముడు


రైల్లో

చిన్నా,

అక్షరాలు వంకర పోతున్నాయి, రైలు ఊపేస్తోంది. కానీ ఇంటికి వెళ్ళేదాకా ఆగలేను. అక్కడ అందరి ముందు నీతో అనలేకపోయినవి రాస్తున్నాను.

ముందు కోటు. కొలతలు అడిగిన రోజు నుంచి కుడుతున్నది అదే. కాలర్ దగ్గర లేబుల్ పెట్టలేదు, నీ మెడకి గుచ్చుకుంటుందని. లోపలి కుట్లన్నీ గుడ్డ పట్టీల కింద దాచేశాను. ఇంకోటి నువ్వు గమనించావో లేదో. ఎవరి భుజాలూ సమానంగా ఉండవు, అందుకని మేం కిందికి ఉన్న భుజంలో దూది ఎక్కువ పెట్టి రెండూ సమానంగా కనపడేట్టు చేస్తాం. ఇన్నేళ్ళుగా ప్రతి కోటుకీ చేశాను. నీదానికి చెయ్యలేదు. నీ కుడి భుజం కిందికి ఉంటే కిందికే ఉండనీ అనుకుని, దాని ప్రకారమే కోశాను. నువ్వు వేసుకుని తిరిగావు, ఎక్కడా ముడత పడలేదు. నేను కోసినవాటిలో అంత బాగా కూర్చున్న కోటు ఇంకొకటి లేదు.

ఇక సభ. డాక్టరమ్మ మొదలుపెడుతూనే "మేం ఒక తప్పు చేశాం" అంది. ఎవరు ఎన్నిసార్లు తిప్పారో, అది ఎలా బయటపడిందో ఏదీ దాచకుండా చెప్పింది. తర్వాత "దీన్ని పట్టుకున్నది మా దగ్గర పనిచేసే ఈయన. ఈయన స్కాన్ కూడా ఇందులో ఉంది. ఆయన అనుమతితోనే చెబుతున్నాను" అని నిన్ను నిలబడమంది. నువ్వు నిలబడ్డావు. నా పక్కనున్న పెద్దావిడ "ఎవరమ్మా ఆ అబ్బాయి" అని అడిగింది. "మా తమ్ముడండీ" అన్నాను. మెల్లగా అన్నాననుకున్నాను. ముందు నాలుగు వరుసలు వెనక్కి తిరిగి చూశాయి.

చివర్లో డాక్టరమ్మ "చప్పట్లు వద్దు, మా వాళ్ళకి ఆ మోత పడదు. మెచ్చినవాళ్ళు చెయ్యి ఎత్తండి. కుడి చెయ్యి, ఇవాళ కుడి ఏదో ఎవరూ మర్చిపోకూడదు" అంది. అందరూ నవ్వారు. చిన్నా, చప్పుడు లేదు. హాలు నిండా చేతులు. ఎటు చూసినా చేతులు, అవన్నీ నీకే. అమ్మ చూడాల్సిందిరా. నిన్ను తలుచుకుని ఏడ్చిందే గానీ, ఇలా చూసి ఏడవాల్సింది.

మూడో వరుసలో ఒకాయన ఒక్కడే ఎడమ చెయ్యి ఎత్తాడు. నువ్వు అన్ని చేతుల్లో ఆ ఒక్కదాన్నే చూస్తున్నావు. నాకెలా తెలుసంటావా, నేను కూడా దాన్నే చూస్తున్నాను. ఒక తల్లి బిడ్డలమే కదా.

నోరు కుట్టేసుకోమన్నాను నిన్ను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎప్పటికీ విప్పే ఉంచు.

అక్క


ఇంట్లో, నా గది

అక్కా,

పటం మళ్ళీ గోడకి పెట్టాను. కొక్కెం ఎడమ పక్కే ఉంది, చూసుకున్నాను.

మూడో వరుస ఆయన్ని సభ అయ్యాక బయట కలిశాను. ఎడమ చెయ్యి ఎందుకెత్తారని అడిగాను. కోప్పడలేదు. కుడి చేతిలో మా రిపోర్టు ఉందట. కింద పెట్టబుద్ధి కాలేదట. ఆయన కూడా మా వాడేనట, ఆటిజం ఉందని ఈ మధ్యే చెప్పారట. ఇలాంటి సభకి రావడం ఇదే మొదటిసారట. వచ్చే నెల స్కాన్‌కి వస్తానన్నాడు. మాత్ర కుడి కణతకే అంటిస్తానని మాటిచ్చాను.

కోటు ఇంకా విప్పలేదు. బాగుంది. ఇక్కడ "అంతేనా" అని అడుగుతావు. అంతే కాదు. ఇంత బాగున్న బట్ట నా ఒంటి మీద ఎప్పుడూ లేదు. నీ చేతిపని అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను.

ఇందాక కోటు కుడి చేతి అంచు మడిచి చూస్తే లోపల నీ సుద్ద గీత కనపడింది. దులపడం మర్చిపోయినట్టున్నావు. బ్రష్ తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను.

నీ తమ్ముడు